తెల్లారేలోగా మిగిలిన ఓట్లు

"అన్నలారా, అక్కలారా, నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అక్షరాలు ముదిరిన వయసులో నేర్చుకున్నాను. ఒక్క వేలితో కొడతాను, అందుకే ఆలస్యం. కొంచెం ఓపిక పట్టి చదవండి."

అక్కడిదాకా కొట్టి నూకరత్నం వేలు ఆపింది. వేలు ఆగుతుంది గానీ తెల్లారడం ఆగదు కదా. సిల్వర్ ఓక్ చెట్టు మొదట్లో, కాఫీ కళ్లం పక్కన, ఫోనుకి రెండు గీతల సిగ్నల్ అందే ఆ ఒక్క రాయి మీద గొంతుక్కూర్చుని ఉంది. తల మీంచి దుప్పటి, కాళ్ల దగ్గర కుండపెంకులో నిప్పులు. మంచు ఎంత దట్టంగా దిగిందంటే కళ్లంలో పరదాలు కప్పిన కాఫీ కుప్పలు పడుకున్న గేదెల్లా ఉన్నాయి, కాసేపటికి లేచి నెమరేస్తాయేమో అనిపించేలా. బొర్రా వైపు గూడ్సు బండి ఒకటి ఆగకుండా పోతూనే ఉంది. అది కనపడదు, దాని బరువు మాత్రం రాయిలోంచి ఒంట్లోకి వస్తుంది. ఐదున్నరకి ఫోనులోకి కొత్త ఓట్లొస్తాయి. రోజుకి పది. వాడుకోనివి ఆ క్షణానే పోతాయి. పొద్దున్న ఐదున్నరేమిటి, రోజు మారేది అప్పుడా అని ఆమె అడిగితే, సముద్రాల అవతల ఒక ఊళ్లో ఆ వేళకి అర్ధరాత్రవుతుందని, మిషన్లన్నీ ఆ ఊరి రోజునే లెక్కపెడతాయని చెల్లెలి కూతురు రమణి చెప్పింది. ఎవరి అర్ధరాత్రో నూకరత్నం తెల్లవారుజాము అయింది. బానే ఉంది, ఆ వేళకి ఎలాగూ ఆమెకి నిద్ర పట్టదు. ఈ ఓట్లు వేసేది ఫోనులో, ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే తెలుగువాళ్లంతా ఒకరినొకరు అడిగి తెలుసుకునే చోట. నూకరత్నం మటుకు సంత అంటుంది. ప్రశ్న బాగుంటే పైకి ఓటు, జవాబు బాగుంటే పైకి ఓటు, బాగోకపోతే కిందకి. మిగతావాళ్లు మధ్యాహ్నానికే పదీ ఖర్చు పెట్టేస్తారట. ఆమె కూడబలుక్కుని చదివేసరికి రోజుకి రెండో మూడో అవుతాయి. ఇవాళ ఎనిమిది మిగిలాయి. ఐదున్నరకి ఇంకో సంగతి కూడా ఉంది. కొత్తగా చేరినవాళ్లు అడిగినవాటిలో సున్నాకి కింద ఉన్నవి అటకెక్కిపోతాయి, ఇంక వాటిని ఎవరూ చూడరు, ఎవరూ జవాబు చెప్పరు. రాజకుమారి ప్రశ్న మైనస్ రెండు దగ్గర ఉంది.

రాజకుమారిది అడ్డతీగల. అంతకుమించి నూకరత్నానికి తెలీదు, కానీ చదువుతుంటే గొంతు వినపడుతోంది. "అయ్యా, మాది పిండి మిల్లండి. సంత రోజున జనం కొండల మీంచి దిగొస్తారండి. చోళ్ల సంచి మా దగ్గర పెట్టి, నంబరు చీటీ తీసుకుని సంతలోకెళ్తారండి. ఎవరి వంతు వచ్చిందో తెర మీద కనపడేలా ప్రోగ్రాం రాశానండి. తొమ్మిది మందిదాకా బానే ఉంటోందండి. పదో మనిషి రాగానే పదిని రెండుకంటే ముందు పిలుస్తోందండి. పోయిన సంతకి రెండో నంబరు ముసలమ్మ నా జుట్టు పట్టుకోడం ఒకటే తక్కువండి. ఓనరుగారు ఆ ఫోను పొయ్యిలో పడేసి నోటితో అరవమన్నారండి. ఇవాళ మళ్లీ సంతండి. ఇదివరకోసారి అడిగితే తీసేశారు. ఇదీ తీసేస్తే ఇంక అడగనండి." దాని కింద ఒక ఫొటో. తెరని ఇంకో ఫోనుతో తీసింది, ఏటవాలుగా, మూలకి బొటనవేలు అడ్డంగా. ఆ బొటనవేలి గోట్లో పిండి. ఆ ఫొటో కింద వరహాలరావు రాసిన ముక్క: "ఫొటో కాదు. కోడ్ అక్షరాల్లో పెట్టండి." అంతే, ఒక మైనస్. ఆయన్ని ఎవరూ చూడలేదు, ఏ ఊరో తెలీదు, రమణి వాళ్లంతా మైనస్ మావయ్య అంటారు. ఎవరైనా నమస్కారం పెడితే నమస్కారం తీసేస్తాడు, థాంక్స్ అంటే థాంక్స్ తీసేస్తాడు. నూకరత్నం మన్నించమని రాసినప్పుడల్లా ఆ ముక్క మర్నాటికి ఉండదు. ఆమె మళ్లీ రాస్తుంది, ఆయన మళ్లీ తీసేస్తాడు. గట్టు మీద ఎదురుపడే ఇద్దరు ముసలాళ్లు రోజూ ఒకే మాట అనుకున్నట్టు. ఇంకో మైనస్ ఎవరిదో తెలీదు. ఒకరు వేస్తే ఇంకొకరు వేస్తారు, గొర్రె దూకిన చోటే గొర్రె దూకుతుంది.

ఆ గోట్లో పిండి చూసి చెయ్యి పైకి బాణం దగ్గరకి పోయింది. ఆగింది. జాలికి ఓటెయ్యకూడదు. ప్రేమకీ ఎయ్యకూడదు. ఆ సంగతి ఆమెకి వానపెట్టె నేర్పింది. వానపెట్టె అంటే రమణి చేసిచ్చిన చిన్న డబ్బా, దాని మీద గీతల పలక, పలక మీద తడి పడితే లోపలి అంకె మారుతుంది, అంకె మారితే గూబ గుయ్యిమనేలా మోగుతుంది. నూకరత్నం మిరియాలు కొయ్యడానికి ఎగువకి పోయినప్పుడు కళ్లం మీద చినుకు పడితే తెలియాలని. కానీ అది చినుకుకి కాక మంచుకి మోగేది, రోజూ కోడి కంటే ముందు, కుక్కలన్నీ అందుకునేవి. పక్కింటి ఈశ్వరమ్మ చేట పట్టుకునొచ్చి, "వొదినా, నీ పెట్టెకి ఈడొచ్చినట్టుంది, బేగి ఓ పుంజుని సూసి కట్టబెట్టు" అని ఊరంతా నవ్వించింది. రమణి పాలిటెక్నిక్ చదువుతోంది గానీ అప్పుడు పరీక్షల హడావిడిలో ఉంది. "నువ్వే అడుగు పెద్దమ్మా. నోరుంది, వేలుంది" అని ఫోనులో ఆమె పేరున ఖాతా తెరిచి పోయింది. మంచుకీ వానకీ తేడా మిషన్‌కి ఎలా చెప్పాలి? ఈ ఒక్క ముక్క కొట్టడానికి పొద్దు గూకింది. పడీపడగానే రెండు మైనస్‌లు. ఇది ప్రోగ్రాం ప్రశ్న కాదని ఒకరు, పంచాంగం చూసుకోమని ఇంకొకరు. తెల్లారి చూస్తే ఎవరో పైకెత్తారు, కింద జవాబు ఉంది. బొబ్బిలి నుంచి లక్ష్మీప్రసాద్ అని. "అంకె ఎంతుందో చూడకండమ్మా, ఎంత తొందరగా మారిందో చూడండి. మంచు మెల్లగా తడుపుతుంది, వాన ఒక్కసారే తడుపుతుంది. ఇప్పటి అంకెలోంచి ఇందాకటి అంకె తీసెయ్యండి, తేడా పెద్దదైతేనే మోగమనండి." చదివి ఆమె ఆ రాయి మీదే నవ్వుకుంది. మంచు మెల్లన, వాన ఉరుకు, అది పుట్టిన దగ్గర్నుంచీ చర్మానికి తెలిసిందే, దాన్ని మిషన్‌కి కూడా చెప్పొచ్చని తట్టలేదంతే.

తట్టలేదు సరే, బదులు తీర్చొద్దూ? ఒకరు మన పోడు చేలో ఒక పూట కలుపు తీస్తే మనం వాళ్ల చేలో ఒక పూట వంగాలి, లేకపోతే నీళ్ల దగ్గర మొహం ఎలా చూపిస్తాం. బొబ్బిలి పోయి ఆయన చేలో వంగలేదు కదా, అందుకని ఆ తెల్లారి మిగిలిన ఓట్లన్నీ లక్ష్మీప్రసాద్ పాత జవాబులకే గుద్దేసింది, ఒకటి తర్వాత ఒకటి, చదవకుండా, బంతిపూలు చల్లినట్టు. మర్నాడు చూస్తే ఒక్కటీ లేదు. మిషన్ అన్నీ వెనక్కి లాగేసుకుని, ఒకే మనిషికి వరసగా వేసిన ఓట్లు చెల్లవని ఆమెకి హెచ్చరిక పెట్టింది. రమణి కడుపు పట్టుకుని నవ్వింది. "పెద్దమ్మా, నిన్ను దొంగ ఓట్లోళ్లలో కలిపేసింది! సారా పాకెట్ ఇచ్చాడేటి ఆ బొబ్బిలాయన?" నూకరత్నం సిగ్గుపడి క్షమించమని ఆయనకి రాసింది. ఆయన రాశాడు: "మీరు ఓటేసిన వాటిల్లో రెండు తప్పు జవాబులున్నాయమ్మా. తర్వాత నాకే తెలిసింది. చదివుంటే మీకూ తెలిసేది." ముందు చురుక్కుమంది. తర్వాత, ఇన్నేళ్లలో తనని చదవగలిగిన మనిషిగా లెక్కేసి చురక పెట్టినవాళ్లు ఎవరా అని ఆలోచిస్తే ఎవరూ తేలలేదు, దాంతో ఆ చురకని రెండు రోజులు దాచుకుంది. అప్పట్నుంచి చదువుతుంది. వందలు పడ్డవాటి జోలికి పోదు, పండగ పీటల మీద కూర్చున్నవాళ్లకి మన పిడికెడు దేనికి. సున్నా దగ్గర ఎవరూ చూడక పడున్నవాటిని చూస్తుంది. నేను చెప్పింది తప్పు, దిద్దుకుంటున్నాను అని రాసినవాళ్లకి వేస్తుంది. అడిగి వెళ్లిపోకుండా, ఇలా చేస్తే పని చేసిందని తిరిగొచ్చి చెప్పినవాళ్లకి వేస్తుంది. ఒక్కసారే కిందకి వేసింది, జవాబు సరైనదే, కానీ అడిగినవాణ్ణి ఎగతాళి చేసి చెప్పాడు. పంచాయతీ ఓటప్పుడు ఇలా ఏమీ లేదు. ఆమె మొగుడు గాసి ముందు రోజే ఏ గుర్తో చెప్పేసేవాడు, ఆమె వెళ్లి ఆ గుర్తు మీద గుద్ది వేలి సిరా చూసుకుంటూ వచ్చేసేది. ఇక్కడ ఏ గుర్తో చెప్పేవాడు లేడు. ఉంటే బాగుండును అనిపిస్తుంది, చెప్పడానికి కాదు, తను వేసొచ్చాక ఎవరికేశావే అని అడగడానికి.

పది, రెండుకంటే ముందు. ఎందుకు? ఎందుకో తెలిసినట్టే ఉంది, నాలిక చివర ఉంది. తను అక్షరాలు నేర్చుకున్న అంగన్‌వాడీ గదిలో రాత్రి బడి, గోడకి బల్లి, జయశ్రీ టీచరు హాజరు పిలుస్తోంది. రోజూ మొదట అసిరమ్మ. అసిరమ్మ అందరికంటే ఆఖర్న, నోట్లో చుట్టతో, మేకల్ని కట్టేసి వస్తుంది, అయినా మొదటి పేరు అసిరమ్మదే. దీపం వెలిగించింది, చాప పరిచింది నూకరత్నం, పిలిచేది ఎక్కడో చివర. ఒక రోజు ఉండబట్టలేక లేచి నిలబడింది. "టీచరమ్మా, ముందొచ్చింది నేను. అసిరమ్మని ముందు పిలుస్తారేటి? ఆవిడ మీకు మేకపాలు పోస్తందా?" గదంతా గొల్లుమంది. అసిరమ్మ చుట్ట తీసి, "పోస్తే నువ్వూ పొయ్యి, కాదన్నానేటి" అంది. టీచరు నవ్వు ఆపుకుని చెప్పింది, ఇది ముందొచ్చినవాళ్ల వరస కాదమ్మా, అక్షరాల వరస, అ ముందు, న తర్వాత, ఎప్పుడొచ్చారో ఈ వరసకి పట్టదు. పట్టదు! నూకరత్నం ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. ఫొటోలో పిండి వేలి పక్కన నంబర్లు కనపడుతున్నాయి, ప్రతి నంబరుకీ అటూ ఇటూ చిన్న కొమ్ములున్నాయి, రమణి కొటేషన్లు అనేవి. కొమ్ములుంటే అది అంకె కాదు, పేరు. మిషన్ వాటిని లెక్కపెట్టడం లేదు, హాజరు పిలుస్తోంది. పది ఒకటితో మొదలవుతుంది, రెండు రెండుతో మొదలవుతుంది, ఒకటి ముందు కాబట్టి పదే ముందు. అసిరమ్మే ముందు. ఏం దొరికావే తల్లీ! ఇది మంచి ప్రశ్న. ఇవాళ రాజకుమారికి తగిలింది, రేపు ఇంకెవరికైనా తగులుతుంది, వాళ్లు వెతుక్కుంటూ వస్తే ఇది కనపడాలి. జాలి కాదు, ప్రేమా కాదు. నొక్కింది. మైనస్ ఒకటి.

మైనస్ ఒకటి చాలదు. చేతిలో ఇంకా ఏడున్నాయి, ఒక ప్రశ్నకి ఒక మనిషిది ఒక్కటే చెల్లుతుంది. ఏడు ముద్దలున్నా ఎదురుగా ఉన్న మనిషి నోట్లో పెట్టకూడదన్నట్టు. తలుపు కిర్రుమంది, రమణి శాలువా చుట్టుకుని, చెంబు పట్టుకుని బయటికొచ్చింది. జుట్టంతా మొహం మీదే ఉంది.

"ఏటి పెద్దమ్మా, ఓట్లు ఏరుతున్నావా? చలికి బిగుసుకుపోతావు."

"మైనస్ ఒకటి దగ్గరుంది గుంటా. తెల్లారితే అటకెక్కించేత్తారు."

"ఇంతేనా? నా ఫోను తెత్తానుండు. నాదీ ఒకటి గుద్దేత్తే సున్నా."

ఎంత సులువు. గుడిసెలోకి పోయి రావడమే, ఒక్క నొక్కు, రాజకుమారి గట్టెక్కుతుంది. నూకరత్నం నోటిదాకా వచ్చింది తెమ్మని. "సదివి గుద్దు మరి" అంది.

"ఇప్పుడా? కళ్లే తెరుసుకోలేదు. నువ్వు సదివావు కదా, సాలు."

"అయితే వద్దులే."

"అబ్బో! ఓ ఓటుకి ఇంత మడా? ఎలచ్చన్ల ఆఫీసరులాగున్నావు."

"బొబ్బిలోళ్ల సారా పాకెట్ ఒకసారి తాగాను కదే, సాలు" అంది నూకరత్నం. రమణి పకపకా నవ్వుకుంటూ చెంబు ఊపుకుంటూ మంచులోకి పోయింది. నవ్వు కాసేపు వినపడింది, తర్వాత అదీ మంచులో మునిగింది.

ఓటు కాకపోతే ఇంకేముంది చేతిలో? వరహాలరావు ఏమన్నాడు, ఫొటో కాదు, అక్షరాల్లో. అది తిట్టు అనుకుంది ఇందాకటిదాకా. తిట్టు కాదేమో, ఫొటోలో ఉన్నదాన్ని ఎవరూ తీసుకుని దిద్దలేరు, వెతికినా దొరకదు, గాజు వెనక అన్నం. ప్రశ్న కింద దిద్దడానికి మీట ఉంది, అది ఎవరైనా నొక్కొచ్చు. రాజకుమారి రాయలేకపోతే తను రాయకూడదా? ఫొటో పెద్దది చేసి ఒక్కో అక్షరం చూసి కొట్టడం మొదలెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకి ఇలా కోడ్‌లోనే పరిచయం, బడిలో కాదు, పేర్లు తెలియకపోయినా మొహాలు తెలుసు. ఒంటి కాలి మీద నిలబడేది, కడుపుతో ఉన్నది, పాములా పడుకున్నది. ఒక వరస అయింది. వేళ్లు కొయ్యబారుతున్నాయి, నిప్పుల మీద చూపించి మళ్లీ. ఇంకో వరస. ఇంత మెల్లగా ఇంత ఓపిగ్గా చేసే పని ఇంకోటి తెలుసామెకి, దుంప తవ్వడం. పెళ్లయిన కొత్తలో గాసి వెనకాల ఎగువ అడవికి పోయేది, అడవి దుంప తీగ పట్టుకుని ఆయన గునపంతో తవ్వుతూ తవ్వుతూ గోతిలో నడుందాకా దిగిపోయేవాడు. చెయ్యంత దుంప తీసేసరికి పొద్దు వాలేది. ఆమెకి కడుపులో ఎలకలు. ఆయన మటుకు దుంప మీద తలని, తీగతో సహా జానెడు కోసి, మళ్లీ గోతిలో నిలబెట్టి, మన్ను పోసి, అరికాలితో మెత్తగా తొక్కుతూ కూర్చునేవాడు, తవ్వడానికి పట్టినంతసేపు పూడ్చడానికీ పట్టేది. "ఎవరు సూత్తారు, పద బేగి" అంటే, "దుంప మనది, తల కొండది" అనేవాడు. మరుసటేడు వాళ్లు ఆ వైపు పోయారో లేదో గుర్తులేదు. ఎవరో పోయే ఉంటారు. ఎవరో తినే ఉంటారు. చెట్టు మీంచి మంచు చుక్కలు టపటపా వానపెట్టె మీదే పడుతున్నాయి, పలకంతా తడిసి మెరుస్తోంది, పెట్టె మాత్రం కిక్కురుమనడం లేదు. దానికి తెలుసిప్పుడు. లక్ష్మీప్రసాద్ ఈ వేళ బొబ్బిలిలో నిద్రపోతుంటాడు. ఆయన నిద్రపోతున్నా ఆయన మాట ఇక్కడ మేలుకునే ఉంది.

ఆఖరి వరస. కొమ్ములు మర్చిపోలేదు, ఒక్కో నంబరుకీ రెండేసి పెట్టింది, తప్పుని తప్పుగానే రాయాలి, లేకపోతే ఏం అడిగిందో ఎవరికీ తెలీదు. రాజకుమారి మాటలు ఒక్కటీ ముట్టుకోలేదు. ముసలమ్మనీ, జుట్టునీ, పొయ్యినీ అన్నీ ఉంచింది. నొక్కింది. తెర మీద గుండ్రం తిరుగుతోంది, తిరుగుతోంది, సిగ్నల్ ఒక గీత పడిపోయింది, రాయి మీద లేచి నిలబడి ఫోనుని తల మీదకి ఎత్తింది, దేవరకి నైవేద్యం చూపించినట్టు. పడింది. కూర్చుంది. అంకె చూసింది, మైనస్ ఒకటి. మంచు తెల్లబడుతోంది, ఎవరి కోడో కూసింది, ఇంకో గూడ్సు బండి బరువు రాయిలోంచి దాటిపోయింది. మైనస్ ఒకటి. రమణి వచ్చి పొయ్యి రాజేస్తోంది, పొగ మెల్లగా ఇటు జరుగుతోంది. సరేలే, పైకి రాకపోతే పోనీ, వేరే దారిలోనైనా ఆ పిల్లకి చెప్పొచ్చు, రమణిని అడిగి అడ్డతీగల మిల్లు నంబరు పట్టుకుంటాను, సంత మొదలయ్యేలోపు ఫోను చేస్తాను అనుకుంటోంది. అనుకుంటుండగా ప్రశ్న ఒకసారి కదిలింది. ఎవరో ముట్టుకున్నారు. ఆమె కొట్టిన నాలుగో వరసలో ఒక బ్రాకెట్ తప్పిపోతే దాన్ని పెట్టారు. కింద పేరు వరహాలరావు. అంత పొద్దున్నే ఈయనా మేలుకునే ఉన్నాడా, ఈయనకీ నిద్ర పట్టదా, ఏ ఊళ్లో ఏ రాయి మీద కూర్చున్నాడో. చూస్తుండగానే మైనస్ ఒకటి పోయి, ఆ చోట సున్నా నిలబడింది. తన మైనస్ తను తీసేసుకున్నాడు. ఒక్క మాట రాయలేదు. కోడి గుడ్డు అంత సున్నా. ఇంత అందమైన అంకె ఆమె ఇంతవరకూ చూడలేదు.

"ఐదున్నరవుతోంది పెద్దమ్మా" అని రమణి పొయ్యి దగ్గర్నుంచి కేకేసింది. "ఎన్ని మిగిలాయేటి? ఎవరికో ఒకరికి గుద్దేయ్, పోతాయి!"

"ఏడున్నాయి. పోనీ."

"కట్టపడి దాసుకుని?"

ఏడు ఓట్లూ ఫోనులో మెరిసి, మరు క్షణం పది అయ్యాయి. పాతవి ఎక్కడికి పోయాయో, మన్నులోకే పోయుంటాయి. ఇందాక సగంలో వదిలేసిన మాట ఇంకా అలాగే ఉంది, మన్నించమని మొదలై ఓపిక పట్టమన్న దగ్గర ఆగి. నిప్పుల్ని ఒకసారి కెలికి, దాని కిందే మిగతాది కొట్టింది.

"రాజకుమారీ, నువ్వు అడిగింది మంచి ప్రశ్న. నీ మిషన్ నంబర్లని పేర్లనుకుంటోంది. బడిలో హాజరు పిలిచినట్టు పిలుస్తోంది. వరస పెట్టే ముందు ఒక్కోదాన్నీ అంకెగా మార్చు, కొమ్ములు పోతాయి, రెండో నంబరు ముసలమ్మ శాంతిస్తుంది. పని చేస్తే తిరిగొచ్చి చెప్పు. చెయ్యకపోయినా చెప్పు. ఇంక అడగనని మాత్రం అనకు."

రమణి వేడి గ్లాసు తెచ్చి చేతికిచ్చి, భుజం మీంచి వంగి చూసింది. "కింద పేరూ ఊరూ ఎందుకు పెద్దమ్మా, ఇక్కడెవరూ రాయరు. మైనస్ మావయ్య తీసేత్తాడు."

"తీత్తే తియ్యనీ" అంది నూకరత్నం. దారిలో మనిషి ఎదురైతే ఎవరమో ఏ ఊరో చెప్పకుండా ఎలా పోతాం. గ్లాసు రాయి మీద పెట్టి, ఒక్క వేలితో, తొందర లేకుండా కొట్టింది.

"ఇట్లు, వంతాల నూకరత్నం. వయసు అరవై మూడు. ఇప్పుడుండేది పనసపుట్టు, అనంతగిరి మండలం."